పాము కాళ్లు ఎటు పోయాయి?

సంపాదకులు గారికి,

నాగుల చవితినాడు పుట్ట దగ్గర మా మనవడు అడిగాడు: "తాతయ్యా, పాముకి కాళ్లెందుకు లేవు?" చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నాకు మాత్రం ముచ్చటేసింది. కాళ్లు పెరగడానికి కావలసిన సోనిక్ హెడ్జ్‌హాగ్ జన్యువు పాములో ఇప్పటికీ ఉంది. పిండంలో కాళ్ల చోట దాన్ని ఆన్ చేసే డీఎన్‌ఏ ముక్క, అంటే స్విచ్చే, పాడైంది. 2016లో శాస్త్రవేత్తలు ఎలుక పిండంలో ఆ స్విచ్ తీసి పాముది పెడితే కాళ్లు మొండిగా మిగిలిపోయాయి. పాము స్విచ్‌లో చెరిగిపోయిన 17 డీఎన్‌ఏ అక్షరాలు తిరిగి చేర్చి పెడితే ఎలుకకి కాళ్లు మామూలుగా పెరిగాయి! కొండచిలువకైతే తోక మొదట్లో గోళ్లలాంటి ఆనవాళ్లు నేటికీ కనిపిస్తాయి. పరిణామాన్ని మార్కుల కోసం బట్టీ పట్టిస్తున్న మన విజయవాడ కాలేజీల్లో ఈ ప్రయోగానికి ఒక్క పీరియడ్ కేటాయించాలని లెక్చరర్లను వేడుకుంటున్నాను.

– ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు, సత్యనారాయణపురం, విజయవాడ