వార్షిక నివేదిక: లిబ్‌టూల్ చిక్కులు, వాటి పరిష్కారం

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం.

అనంతపురం చుట్టుపక్కల రైతుల బోరు మోటార్ల వద్ద అమర్చే చిన్న ఆర్మ్ బోర్డు కోసం మన ఇంటెల్ యంత్రాల మీదే ఒక లినక్స్ వ్యవస్థను క్రాస్ కంపైల్ చేయాలని, అంటే ఒక రకం యంత్రం మీద మరో రకం యంత్రానికి ప్రోగ్రాములు తయారుచేయాలని గత సర్వసభ్య సమావేశంలో తీర్మానించుకున్నాము. ఆ వ్యవస్థ ఇప్పుడు బోర్డు మీద నడుస్తోంది. అయితే ఈ సంవత్సరం మన శ్రమలో అధిక భాగం కంపైలర్ దగ్గర కాక, లైబ్రరీలను (ప్రోగ్రాములు వాడుకునే కోడ్ ఫైళ్లను) కట్టే పనిముట్టయిన లిబ్‌టూల్ దగ్గరే ఖర్చయినందున ఈ నివేదికలో ఎక్కువ చోటు దానికే ఇస్తున్నాను.

మొదటి ఆటంకం తేలికగానే తొలగింది. కొన్ని పాత ప్యాకేజీలలో యంత్రాల రకాలను గుర్తించే కాన్ఫిగ్.సబ్ ఫైలు ఏఆర్చ్64 (64 బిట్ ఆర్మ్) అనే పేరును గుర్తించలేదు. కొత్త ఫైలు పెట్టగానే సరిపోయింది.

అసలు చిక్కు తెర మీద అక్షరాలను గీయడానికి వాడే ఫ్రీటైప్ లైబ్రరీ దగ్గర వచ్చింది. మోటారు వివరాలు తెర మీద తెలుగులోనే కనిపించాలని మనం పట్టుబట్టాము కనుక దానిని వదులుకునే వీలు లేదు. ఒక సభ్యుని యంత్రంలో 'లైబ్రరీ దొరకలేదు' అని, మరొకరి యంత్రంలో 'ఫైలు తప్పు ఫార్మాట్‌లో ఉంది' అని దోషం రావడంతో ఇవి రెండు వేర్వేరు సమస్యలని భావించి చాలా రోజులు విడివిడిగా వెతికాము. చివరకు ఫ్రీటైప్ తాలూకు .ఎల్ఏ ఫైలును (లైబ్రరీ వివరాలను లిబ్‌టూల్ రాసి ఉంచే ఫైలును) తెరిచి చూస్తే, అది ఆధారపడే లైబ్రరీలను చెప్పే డిపెండెన్సీ_లిబ్స్ అనే వరుసలో /యూఎస్ఆర్/లిబ్/లిబ్‌పీఎన్‌జీ16.ఎల్ఏ అని ఉంది. బోర్డు మీద అది సరైన దారే. కానీ కట్టే సమయంలో లిబ్‌టూల్ ఆ దారిని పట్టుకొని మన ఇంటెల్ యంత్రంలోనే వెతికింది. ఒకరి యంత్రంలో ఆ ఫైలు లేదు. మరొకరు లిబ్‌పీఎన్‌జీని సోర్సు నుంచి కట్టుకున్నందున అక్కడ ఇంటెల్ లైబ్రరీ దొరికింది. మూలం ఒక్కటే.

2010లో వచ్చిన లిబ్‌టూల్ 2.4 నుంచి సిస్‌రూట్ (బోర్డుకు చెందిన ఫైళ్లను మన యంత్రంలో విడిగా ఉంచే ఫోల్డరు) సదుపాయం ఉంది, దానితో కట్టిన .ఎల్ఏ ఫైళ్లలో దారికి ముందు సమాన గుర్తు చేరి, వెతుకులాట సిస్‌రూట్ లోపలే జరుగుతుంది. ప్యాకేజీలో పాత ఎల్‌టీమెయిన్.ఎస్‌హెచ్ (ప్యాకేజీతో వచ్చే లిబ్‌టూల్ స్క్రిప్టు) ఉంటే ఈ సదుపాయం రాదు కనుక ముందుగా ఆ స్క్రిప్టులను కొత్తగా తయారుచేసే ఆటోరీకాన్ఫ్‌ను -ఎఫ్ఐతో నడిపాము. అది కుదరని చోట సిస్‌రూట్‌లోని .ఎల్ఏ ఫైళ్లను తొలగించాము. షేర్డ్ లైబ్రరీలు తమకు కావలసినవేమిటో తమ ఈఎల్ఎఫ్ (లినక్స్ ప్రోగ్రాముల ఫార్మాట్) ఫైలులోనే చెప్పుకుంటాయి కనుక దీనివల్ల నష్టం కలగలేదు. స్టాటిక్‌గా లింకు చేసే (లైబ్రరీ కోడ్‌ను ప్రోగ్రాములోనే కలిపివేసే) సభ్యులు మాత్రం ఈ పద్ధతిని అనుసరించవద్దని మనవి.

లైబ్రరీలు ఎక్కడున్నాయో చెప్పే పీకేజీ-కాన్ఫిగ్ పనిముట్టు విషయంలోనూ ఇటువంటి పొరపాటే జరిగింది. పీకేజీ_కాన్ఫిగ్_పాత్ అనే అమరిక ఉన్న దారులకు మరొకటి కలుపుతుందే తప్ప యంత్రపు సొంత దారులను తీసివేయదు. పీకేజీ_కాన్ఫిగ్_లిబ్‌డిర్ పెట్టిన తరువాతే ఆ బాధ తప్పింది.

జమాఖర్చుల పట్టికను కోశాధికారి విడిగా సమర్పిస్తారు. వచ్చే ఏడాది 32 బిట్ బోర్డులకు ఇదే వ్యవస్థను కట్టబోతున్నాము. అప్పుడు దోషం ఎదురైన సభ్యులు మేక్‌ను వీ=1 (ఆదేశాలను పూర్తిగా చూపడానికి), -జే1తో (పనులను ఒకదాని తరువాత ఒకటి చేయడానికి) మళ్లీ నడిపి, చివరి వరుస కాక మొట్టమొదటి దోషం దగ్గర నుంచి లాగ్‌ను, సంబంధిత .ఎల్ఏ ఫైలును కలిపి సంఘానికి పంపవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
కార్యదర్శి