అతుకుల బొంతని తిట్టు చేయకండి

ఎడిటర్ గారికి నమస్కారమండీ,

పోయిన వారం మీ పేపర్లో ఒక కూటమి గురించి రాస్తూ "అతుకుల బొంత" అని హెడ్డింగు పెట్టారు. ఈ మాట ఎన్ని ఎలక్షన్ల నుంచి చదువుతున్నానో లెక్కే లేదు, పొత్తులు కుదిరినప్పుడల్లా అదే, కథ సరిగ్గా లేని సినిమా వచ్చినా అదే, మీ పేపరొక్కటే కాదు టీవీల వాళ్ళూ అంతే. ఎప్పుడూ పట్టించుకోలేదు నేను. ఈసారి మాత్రం పేపరు చేతికొచ్చే టైముకి నా ఒళ్ళో నిజం అతుకుల బొంతే ఉంది, సగం కుట్టి సూది గుచ్చి పెట్టా, పక్క గదిలో తొమ్మిది రోజుల మనవరాలు నిద్రపోతోంది. ఆ హెడ్డింగు చూసి మనసు చివుక్కుమంది, అందుకే రాస్తున్నా.

మా అమ్మాయి కాన్పుకి వచ్చిందండి, డాక్టరమ్మ చెప్పిన డేటుకి ఇంకా మూడు వారాలుండగానే నొప్పులొచ్చేసాయి. మా ఇళ్ళల్లో బిడ్డ పుట్టకముందు ఏమీ కొనరు, ఏమీ కుట్టరు, అంతా కాన్పయ్యాకే. దాంతో ఇంట్లో ఒక్క పొత్తిగుడ్డ కూడా రెడీగా లేదు. అల్లుడుగారు ఆన్‌లైన్లో ఒక చిన్న పరుపు తెప్పించారు, లోపల స్పాంజి, పైన సిల్కులా మెరిసే గుడ్డ, చూడ్డానికి బానే ఉంది కానీ శ్రావణమాసం వానల్లో ఒకసారి తడిస్తే రెండ్రోజులకీ ఆరలేదు, పాప వీపంతా చెమటపొక్కులు. ఇక లాభం లేదు బొంత కుట్టాల్సిందే అని బీరువా తీసా.

తీస్తే ఏముందండీ, అన్నీ సింథటిక్కే. కాటన్ అని కొన్నవాటిలో కూడా సగం కాటన్ కాదు. ఒక్కో చీర అంచు నుంచి పోగు లాగి అగ్గిపుల్లతో కాల్చి చూసా, నూలైతే కాగితం కాలిన వాసనొచ్చి మెత్తటి బూడిదవుతుంది, పాలిస్టరైతే కరిగి గట్టి ఉండ కడుతుంది. చాలావాటికి ఉండే కట్టింది. మా అమ్మ కట్టి కట్టి మెత్తబడిన నేత చీరలు ఒకప్పుడు నా దగ్గర బోలెడుండేవి. అవన్నీ ఏవీ అంటే, పాత బట్టలకి స్టీలు సామాన్లిస్తామని వచ్చేవాళ్ళకి నేనే వేసేసా, నాలుగు చీరలకి ఒక ప్లాస్టిక్ టబ్బు. ఆ టబ్బులోనే ఇప్పుడు పాప బట్టలు నానబెడుతున్నా. తల్చుకుంటే ఏడుపొచ్చింది.

మిగిలింది అమ్మది ఒక్కటే మంగళగిరి చీర, ఆకుపచ్చది. దాన్ని కొయ్యడానికి రెండు పూటలు చెయ్యి రాలేదు. మా అమ్మాయే అంది, అమ్మమ్మ ఉంటే తనే కోసేది కదమ్మా అని. అప్పుడు కత్తెర పెట్టా.

ఆరు గజాల చీరని గజం గజం కోస్తే ఆరు ముక్కలొస్తాయి, ఒకదాని మీద ఒకటి పరిస్తే ఆరు పొరల పసిపిల్లల బొంత సరిగ్గా కుదురుతుంది. అదీ చీరంతా బాగుంటే. మా అమ్మ చీర కుచ్చిళ్ళ అడుగున, భుజం మీద ఆనే చోట వలలాగా అయిపోయింది, జరీ అంచు బిడ్డకి గీసుకుంటుందని తీసేసా, ఇక మిగిలిందెంత. అప్పుడు మొదలైంది అతుకులేయడం. మా ఆయన పాత పంచె, మా అమ్మాయి చిన్నప్పటి పూల లంగా, కింద ఫ్లోరులో ఉండే పిన్నిగారు మా అపార్ట్‌మెంటు గ్రూపులో నా మెసేజీ చూసి తెచ్చిచ్చిన ఉతికిన పాత దుప్పటి. అన్నీ వేడినీళ్ళలో ఉతికి ఏదో కాసేపు ఎండ కాస్తే అందులో ఆరేసి, గుండీలూ హుక్కులూ పీకేసి, చాప మీద పరిచి నాలుగు మూలలా బరువులు పెట్టి కుట్టా.

మీరు తిట్టుగా వాడే ఆ అతుకు అసలు ఎందుకేస్తారో చెప్తా వినండి. ఒక పొరలో పల్చబడిన చోటు మీదకి ఇంకో పొరలో గట్టి చోటు వచ్చేట్టు పరుస్తాం. అప్పటికీ పల్చగా అనిపిస్తే అక్కడే పైన ఇంకో ముక్క పడుతుంది. ఆ మీదట మధ్యలో మొదలుపెట్టి అంచుల దాకా బొటనవేలంత ఎడంలో వరసలు, ప్రతి కుట్టూ అన్ని పొరల్లోంచీ దిగాలి. బొంత మొత్తానికి అతుకున్న చోటే ఎక్కువ గట్టిగా ఉంటుంది, నమ్మకపోతే ఎవరింట్లోనైనా పాత బొంత పట్టుకు లాగి చూడండి. దారం కూడా నూలుదే వాడాలి. ముడి పొరల మధ్యలోకి పోవాలి, దారం కొస బయట వేలాడకూడదు, అది బిడ్డ కాలి వేలికి చుట్టుకుంటే రక్తం ఆగిపోతుంది, ఇది చాలామందికి తెలీదు, దయచేసి మీ ఫ్యామిలీ పేజీలో ఒక్కసారైనా వెయ్యండి. ఇంకోటి, బొంత బిడ్డ కిందే వెయ్యాలి, నిద్రపోయేటప్పుడు పైన కప్పకూడదు, మొహం మీద పడితే ఊపిరాడదు. వెల్లకిలా పడుకోబెట్టమని, పక్కన దిళ్ళు గట్రా పెట్టొద్దని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది, ఆవాల దిండు కూడా వద్దంది, తీసేసా.

మొదటి బొంత ఆరు పొరలు వేస్తే ముసురులో ఆరడానికి రోజంతా పట్టింది, అందుకని రెండోది నాలుగు పొరలే వేసా. అది ఫ్యాను కింద పూటలో ఆరిపోతోంది. చెమటపొక్కులు కూడా తగ్గిపోయాయి.

బీహార్లో ఇలా పుట్టిన బిడ్డ కోసం పాత చీరలతో కుట్టేదాన్నే సుజని అంటారు, ఫలానా ప్రాంతం సరుకని ప్రభుత్వం ఇచ్చే జీఐ గుర్తింపు కూడా ఉంది దానికి. బెంగాల్లో కాంథా, మహారాష్ట్రలో గోధడి, కర్ణాటకలో కౌది. వాళ్ళ కుట్టుని షోరూముల్లో పెట్టి అమ్ముతున్నారు. మన దగ్గర ఎండాకాలం వస్తే బొంతలు కుడతామమ్మా అంటూ డబ్బనం పట్టుకుని వీధుల్లోకి వచ్చేవాళ్ళు, మా వీధిలో వాళ్ళు కనపడి చాలా ఏళ్ళయింది. వాళ్ళు పోయారు, నూలు చీరలు పోయాయి, బొంత అనే మాట మాత్రం తిట్టుగా మిగిలింది. మనం కూడా ఆ బొంతల మీదే పెరిగాం కదండీ, మీరూ నేనూ అందరం. ఎవరి కూటమి ఎలా ఉన్నా నాకనవసరం, నచ్చకపోతే నచ్చలేదని తిన్నగా రాయండి, తెలుగులో మాటలకేం తక్కువ. బొంతని మాత్రం వదిలేయండి.

పిన్నిగారి దుప్పట్లో ఇంకా రెండు గజాలు మిగిలింది. ఎదురింటమ్మాయికి ఇప్పుడు ఏడో నెల. ముడత పడకుండా మడిచి బీరువాలో పెట్టా, కాన్పయ్యాక తీస్తా.

ఇట్లు,
మీ పాఠకురాలు,
విజయవాడ