రెంటికీ చెడ్డ రేవడా? వచ్చి చూడు మావా

గాజువాక,
ఆదివారం మధ్యాహ్నం

ఒరేయ్ మావా,

ఎలా ఉన్నావు? ఆంటీకి మోకాళ్ళ నొప్పులు తగ్గాయా? బెంగళూరు చలి ఆవిడకి పడట్లేదని మా అమ్మ చెప్పింది. ఇద్దరూ రోజూ ఫోన్లో మాట్లాడుకుంటున్నారు. మనమే నెలకోసారి ఒక థంబ్స్ అప్ బొమ్మతో సరిపెట్టేస్తున్నాం.

నీ మెసేజ్ చూశాను. "మళ్ళీ ఆ వరల్డ్ ఆఫ్ వార్‌క్రాఫ్ట్ ఆన్‌లైన్ ఆట మొదలెడుతున్నా, ఏ క్లాస్, అంటే ఏ రకం పాత్ర తీసుకోను? డ్రూయిడ్ మాత్రం చెప్పకు, అది రెంటికీ చెడ్డ రేవడి" అన్నావు. మొదటి ప్రశ్నకి ఒక్క ముక్కలో జవాబు చెప్పేయొచ్చు. కానీ ఆ రెండో మాట నన్ను రెండు రోజులు నిద్రపోనివ్వలేదు. అందుకే ఈ ఉత్తరం. టీ తెచ్చుకుని కూర్చో.

నీ సంగతి నాకు తెలియదేంట్రా. జగదాంబ దగ్గర నెట్ సెంటర్ రోజుల నుంచీ అంతే. ఏ ఆటైనా సరే, ఎవడి చేతిలో అందరికంటే పెద్ద కత్తి ఉంటే వాడే నీ వాడు. నీ వెనకాల నిలబడి నీ ప్రాణం కాపాడేవాణ్ణి నేను. నువ్వు గెలిచాక "చూశావా ఎలా కొట్టానో" అనేవాడివి. పోనీలే, పాత బాకీలు ఇప్పుడెందుకు.

ఒక్కసారి గుర్తు చేసుకో. 2004 నవంబరులో ఈ ఆట వచ్చినప్పుడు తొమ్మిది క్లాసులు. అందులో డ్రూయిడ్ అవ్వాలంటే రెండే జాతులు: అటు అలయన్స్ పక్షంలో నైట్ ఎల్ఫ్, ఇటు హోర్డ్ పక్షంలో ఎద్దు మొహం టారెన్. ఇరవై ఏళ్ళు నిండిన సందర్భంగా 2024 నవంబరులో కొత్త సర్వర్లు పెట్టి పాత ఆటనే మళ్ళీ మొదటి నుంచి మొదలెట్టారు కదా, నేను అందులో టారెన్‌ని తీసుకున్నాను. పేరు వేపచెట్టు. ఆస్ట్రేలియా వాళ్ళు ఆ పేరు పలకలేక "వేప్" అంటున్నారు.

అవును, ఆస్ట్రేలియా సర్వర్. మనకి మధ్యాహ్నం 3 అయితే సిడ్నీలో వాళ్ళ వేసవిలో రాత్రి 8:30. నాకు పొద్దున షిఫ్ట్ ఉన్న వారాల్లో డ్యూటీ దిగి, ఇంటికొచ్చి, అన్నం తిని కూర్చునేసరికి అక్కడ అందరూ లాగిన్ అయి ఉంటారు. రాత్రి 12 దాకా మేలుకుని ఆడే పని లేదు కాబట్టి ఇంట్లో గొడవా లేదు. షిఫ్ట్ ఉద్యోగం వల్ల ఇన్నేళ్ళలో నాకు కలిగిన ఒకే ఒక్క లాభం ఇది.

ఇక నీ రేవడి సంగతికి వద్దాం.

నీ లెక్క ఏంటంటే, జంతువుల రూపమెత్తే ఈ డ్రూయిడ్ సగం హీలర్ (మందు వేసేవాడు), సగం ఫైటర్. సగం, సగం కలిపితే ఒకటి అవ్వదు, రెండు సగాలే మిగులుతాయి. ఆ లెక్క ఎక్కడ తప్పిందో ఒక కొట్లాట చెప్తాను, చూడు. బారెన్స్ మైదానంలో పందిమొహాల వాళ్ళుంటారు కదా, ముగ్గురు ఒకేసారి మీద పడ్డారు. నీ వారియర్ అయితే ఏం చేస్తాడు? కొడతాడు, లేదా చస్తాడు. నేనేం చేశానంటే, ముందు ఒకడి కాళ్ళకి నేలలోంచి వేళ్ళు చుట్టించాను. అది ఆరుబయటే పనిచేస్తుంది, గుహలో వేళ్ళు రావు. ఈ చిన్న పట్టింపు నాకు భలే నచ్చుతుంది. తర్వాత నా మీద నేనే రెజువెనేషన్ అనే మెల్లగా మాన్పే మంత్రం వేసుకుని ఎలుగుబంటి అయ్యాను. ఎలుగుకి తోలు మందం, ఇద్దరు కొడుతున్నా తట్టుకుంటుంది. ఇక్కడే అసలు కిటుకు: ఎలుగు రూపంలో మంత్రం వేయలేను గానీ, ముందే వేసుకున్న రెజువెనేషన్ మాత్రం ఆగదు. మూడు సెకన్లకోసారి ప్రాణం పోస్తూనే ఉంటుంది, 12 సెకన్ల పాటు. పంజా విసురుతున్నది నేనే, మందు వేస్తున్నదీ నేనే.

ఒకడు పడ్డాడు. రెండోవాడి నెత్తి మీద ఒక్కటిచ్చి రెండు సెకన్లు దిమ్మ తిరిగేలా చేసి, ఆ సందులో మామూలు రూపంలోకి వచ్చి రీగ్రోత్ అనే ఇంకో మందు మంత్రం వేసుకుని, చిరుతలా మారిపోయాను. ఇప్పుడు ఇంకో కిటుకు. చిరుత కొట్టేది మానాతో, అంటే మంత్రాలకి ఖర్చయ్యే శక్తితో కాదు, ఎనర్జీతో. రెండు సెకన్లకి 20 చొప్పున అది దానంతటదే నిండుతుంది. ఆటలో ఒక రూలుంది: మానా ఖర్చు పెట్టిన ఐదు సెకన్ల తర్వాత మళ్ళీ మానా ఊరడం మొదలవుతుంది. అంటే నేను గోళ్ళతో రక్కుతున్నంతసేపూ నా హీలింగ్ మానా వెనకాల నిండుతోంది. కొట్లాట అయ్యేసరికి ఇంకో కొట్లాటకి సిద్ధం. పక్కన మంత్రగాడు మేజ్ గారు అయిపోయిన మానా నింపుకోవడానికి కూర్చుని నీళ్ళు తాగుతూ ఉంటారు.

చూశావా? ఒక సగం ఖాళీ అవుతుంటే రెండో సగం దాన్ని నింపుతోంది. రెండూ విడివిడిగా చూస్తే నీ మాట నిజమే, కత్తిలో నీ అంత కాదు, మందులో ప్రీస్ట్ అంత కాదు. కానీ ఎవడూ డ్రూయిడ్‌ని విడివిడిగా ఆడడు కదరా! ఎప్పుడు ఏ రూపంలోంచి బయటికి రావాలి అనేదే ఆట. మారడానికి కూడా మానా కావాలి కాబట్టి ఊరికే కోతిలా గెంతితే కుదరదు. ఇంకోటి, రూపం మారితే కాళ్ళకి పడ్డ బంధాలు ఊడిపోతాయి. నిన్ను కట్టిపడేసినవాడు సంబరపడేలోపు నేను పొదల్లో ఉంటాను.

హీలింగ్ గురించి కూడా చెప్పాలి. నువ్వెప్పుడూ వెనక్కి తిరిగి చూడలేదు కాబట్టి నీకు తెలియదు. ప్రీస్ట్ ఎక్కువగా దెబ్బ తగిలాక మందు వేస్తాడు. డ్రూయిడ్ దెబ్బ తగలకముందే వేస్తాడు. మా అమ్మ సముద్రం వైపు మబ్బు చూసి, చినుకు పడకముందే మేడ మీద వడియాలు తీసేస్తుంది చూడు, ఆ పని. ట్యాంకు, అంటే ముందు నిలబడి దెబ్బలు కాచేవాడు, ఇప్పుడు ఆ గుంపు మీదకి దూకబోతున్నాడు అని ముందే పసిగట్టి రెజువెనేషన్ వేసేయాలి. దూకాక వేస్తే లేటే. తప్పదనుకుంటే హీలింగ్ టచ్ ఉంది, కానీ పెద్ద ర్యాంకుది వేయడానికి మూడున్నర సెకన్లు. ఆ మూడున్నర సెకన్లలో నీలాంటివాడు మూడుసార్లు చస్తాడు.

మన ఊరి నెట్‌కి ఇంతకన్నా సరిపోయే హీలర్ లేడని నా గట్టి నమ్మకం. ఇక్కడి నుంచి సిడ్నీకి పింగ్, అంటే మనం నొక్కింది అక్కడికి చేరడానికి పట్టే టైము సంగతి నీకు చెప్పక్కర్లేదు. గాలివాన వస్తే ఇక అదీ ఉండదు. మొన్న వెయిలింగ్ కేవర్న్స్‌కి వెళ్ళాం. ఆ గుహ కథ తెలుసా? నారలెక్స్ అని ఒక డ్రూయిడ్, ఎండిపోయిన బారెన్స్‌ని మళ్ళీ పచ్చగా చేద్దామని ఎమరాల్డ్ డ్రీమ్‌లోకి, అంటే ప్రకృతి కలలోకి వెళ్ళాడు. ఆ కల పీడకల అయిపోయి అక్కడే ఇరుక్కుపోయాడు. శిష్యులు కొందరు చెడిపోయి పాముల డ్రూయిడ్లు అయ్యారు. వాళ్ళతో కొట్లాడటం నాకు ఒకలా ఉంటుంది మావా, ఎందుకంటే వాళ్ళూ నాలాగే హీలింగ్ టచ్ వేసుకుంటారు, రూపం మారుస్తారు. నిన్ను నిద్రపుచ్చి మరీ కొడతారు. వాళ్ళ నాయకులు నలుగురినీ పడగొడితే, మిగిలిన ఒక్క మంచి శిష్యుడు గురువుని నిద్రలేపే పూజ మొదలెడతాడు. అది అయ్యేదాకా వరసగా మీద పడే జంతువుల నుంచి మనం వాణ్ణి కాపాడాలి.

సరిగ్గా పూజ మధ్యలో కరెంటు పోయింది. కంప్యూటర్ యూపీఎస్ మీద ఉంది, రౌటర్ లేదు. స్క్రీన్ మీద అందరూ ఉన్నచోటే పరిగెడుతున్నారు. రౌటర్ వైరు పీకి యూపీఎస్‌కి పెట్టి మళ్ళీ లాగిన్ అయ్యేసరికి మా ట్యాంకు ప్రాణం అడుగంటింది గానీ చావలేదు. ఎందుకు? నేను ఊడిపోయే ముందు వాడి మీద రీగ్రోత్, రెజువెనేషన్ రెండూ ఉన్నాయి. రీగ్రోత్ 21 సెకన్లు పనిచేస్తుంది, వేసినవాడు ఉన్నా లేకపోయినా. సింగపూర్ నుంచి ఆడే తమిళ కుర్రాడొకడు మాకు హంటర్, వాడు చాట్‌లో "అన్నా, నువ్వు లేకపోయినా హీల్ చేశావు" అని రాశాడు. గాజువాకలో కూర్చుని ఇంతకన్నా ఏం కావాలి చెప్పు.

నువ్వన్నదాంట్లో నిజం లేదని అనను. నలభై మంది కలిసి రెయిడ్‌కి, అంటే పెద్ద దండయాత్రకి వెళ్తే డ్రూయిడ్‌ని "హీల్ వెయ్, గోళ్ళు పక్కన పెట్టు" అంటారు. ఈ పాత వెర్షన్‌లో ఇద్దరు డ్రూయిడ్లు ఒకే మనిషి మీద రెజువెనేషన్ వేస్తే రెండూ కలిసి పనిచేయవు, బలమైనదే నిలుస్తుంది. అందుకే రెయిడ్లలో హీలర్ డ్రూయిడ్లని ఎక్కువమందిని పిలవరు. ఇక చిరుతగానే కొడతానంటే నీ సరదా తీరిపోతుంది. రూపంలో ఉండగా ఆయుధం డ్యామేజీ లెక్కలోకి రాదు కాబట్టి, నోమెరిగాన్ అనే గుహలో ఒక పిచ్చి సుత్తి ఉంది, దాని వెంట పడాలి. దాన్ని వాడితే అర నిమిషం పాటు కొట్టే వేగం 50 శాతం పెరుగుతుంది, మూడుసార్లు వాడితే అయిపోయింది, చెత్తబుట్టే. అందుకని 60వ లెవెల్ డ్రూయిడ్లు ఆ చిన్న లెవెల్ గుహ చుట్టూ తిరుగుతూ సంచి నిండా సుత్తులు పోగేస్తుంటారు. దీన్ని నేను సమర్థించను. పిచ్చి పని.

అన్నిటికన్నా నాకు మండేది ఒకటుంది: చచ్చినవాణ్ణి తీరిగ్గా లేపే మంత్రం డ్రూయిడ్‌కి లేదు. ప్రీస్ట్‌కి ఉంది, పాలడిన్‌కి ఉంది, షామన్‌కి ఉంది. మనకి రీబర్త్ ఒక్కటే. కొట్లాట మధ్యలో కూడా లేపగలిగేది అదొక్కటే, నిజమే, కానీ అరగంటకి ఒక్కసారి, దానికీ ఒక గింజ ఖర్చు. కాబట్టి నేను హీలర్‌గా ఉన్న పార్టీలో రెండోవాడు చస్తే శ్మశానం నుంచి కాళ్ళీడ్చుకుంటూ రావాల్సిందే. నడిచొచ్చినవాడు నాకేసి చూసే చూపు ఉంటుంది చూడు!

తర్వాత వచ్చిన వెర్షన్ల గురించి నీకు పెద్దగా చెప్పను. 2007లో లైఫ్‌బ్లూమ్ అనే కొత్త మందు మంత్రం వచ్చింది, హీలర్ డ్రూయిడ్ ఏకంగా చెట్టయిపోయే రూపం వచ్చింది. 2012లో ఎలుగునీ చిరుతనీ వేరు చేసి నాలుగు దారులు చేశారు. అదంతా బాగానే ఉంది గానీ, నాకు మూడు పనులూ ఒకే ఒంట్లో కుక్కిన ఈ పాత డ్రూయిడే ఇష్టం.

ఇంకో మాట. డ్రూయిడ్ల చోటు మూన్‌గ్లేడ్ గుర్తుందా? పదో లెవెల్‌లో ఎలుగు రూపం కోసం నిన్ను అక్కడికి పంపుతారు. నువ్వు కత్తి దూసి సిద్ధమవుతావు. అక్కడ చూస్తే ఒక పెద్ద ఎలుగుబంటి ఆత్మ ఉంటుంది, దాంతో కూర్చుని మాట్లాడాలి, అంతే. బలం అంటే ఏంటో అది చెప్తుంది, నువ్వు వింటావు. కొట్లాట తర్వాత, వేరేచోట, లూనాక్లా అనే శత్రువుతో. మిగతా ప్రపంచమంతా అలయన్స్, హోర్డ్ అని నరుక్కుంటుంటే ఆ ఊళ్ళో మాత్రం నైట్ ఎల్ఫులూ టారెన్లూ పక్కపక్కన నిలబడి శిష్యులకి పాఠం చెప్తుంటారు. నాకు పని లేకపోయినా అప్పుడప్పుడూ ఆ చెరువు గట్టుకి వెళ్ళి నిలబడతాను.

2018లో నైట్ ఎల్ఫుల మహావృక్షం టెల్‌డ్రాసిల్‌ని తగలబెట్టే కథ పెట్టారు చూడు, అప్పుడు నేను టారెన్‌నే, అంటే తగలబెట్టినవాళ్ళ వైపే. అయినా నాకు 2014 అక్టోబరు 13 పొద్దున గుర్తొచ్చింది, హుద్‌హుద్ మర్నాడు. మనిద్దరం సైకిళ్ళు తోసుకుంటూ యూనివర్సిటీ వైపు వెళ్ళాం, తొక్కడానికి రోడ్డు ఉంటేగా. చెట్లన్నీ వేళ్ళతో సహా అడ్డంగా పడి ఉన్నాయి. కైలాసగిరి మీద ఒక్క పచ్చాకు లేదు. నువ్వు ఒక పడిపోయిన చెట్టు మీద చెయ్యి వేసి ఏమీ మాట్లాడలేదు. ఎప్పుడూ వాగేవాడివి కదా, అందుకే గుర్తుండిపోయింది. అలాంటివాడివి వారియర్ ఎందుకురా?

సరే, ఇప్పుడు పని మాటలు. టారెన్ డ్రూయిడ్ తీసుకో. మొదటి పది లెవెళ్ళు విసుగ్గా ఉంటాయి, కర్రతో కొట్టుకుంటూ బతకాలి, తిట్టుకోకు. 16లో నీటి రూపం కోసం రెండు సముద్ర తీరాల్లో నీళ్ళ అడుగున రెండు లాకెట్టు ముక్కలు వెతకాలి. ఆర్కే బీచ్ పక్కన పెరిగి ఈత రాని నీకు అదొక ముచ్చట. 20లో చిరుత. 30లో పరుగు రూపం వస్తుంది, అందరూ 40 దాకా ఆగి బంగారం పోసి వాహనం కొనుక్కుంటుంటే నువ్వు ఫ్రీగా 40 శాతం వేగంతో తిరుగుతావు. ష్రెడ్ అనే చిరుత దెబ్బ శత్రువు వీపు వైపు నుంచే పడుతుంది, ముందు నిలబడి నొక్కి పనిచేయట్లేదని నాకు ఫోన్ చేయకు.

నాకు వచ్చే వారం పొద్దున షిఫ్టే. మధ్యాహ్నం 3 తర్వాత ఎప్పుడైనా రా. నువ్వు పేరు చెప్పగానే నాలుగు సంచులు, కొంచెం వెండి ఆటలో పోస్టు చేస్తాను, గంటలో అందుతాయి. సెలవులకి వచ్చేటప్పుడు ఆంటీ చేతి కాకరకాయ కారం ఒక సీసా పట్టుకురా, అది మాత్రం ఆటలో పోస్టు చేయడం కుదరదు.

అన్నట్టు, నీ క్యారెక్టర్‌కి చింతచెట్టు అని పెట్టుకుంటే బాగుంటుంది. ఇంగ్లీషులో రాస్తే పన్నెండు అక్షరాలు దాటుతుందేమో లెక్కపెట్టుకో, ఆట ఒప్పుకోదు.

ఇట్లు,
నీ హీలర్