నీళ్లు పడిన చోటే ఆగిపోయే బోరు బండి: పరికరాల ఎంపికపై ఫిర్యాదు

మేనేజింగ్ డైరెక్టర్ గారికి,
అమ్మకాల విభాగం, సర్వీసు విభాగం అధిపతులకు ప్రతులతో.

విషయం: వ్యవసాయ బోర్ల కోసమని రాతపూర్వకంగా కోరినప్పటికీ, క్వారీ పనికి సరిపోయే కంప్రెసర్‌ను, మా నేలకు తగని రాడ్లను, బిట్లను సరఫరా చేయడం, వాటిని మార్చి ఇవ్వవలసిందిగా కోరడం.

అయ్యా,

నేనూ మా తమ్ముడూ నల్గొండ, యాదాద్రి భువనగిరి జిల్లాల పల్లెల్లో రైతులకు బోర్లు వేసి జీవిస్తున్నాం. బ్యాంకు రుణం తీసుకుని మీ సంస్థ వద్ద కొన్న బోరు బండి గురించి ఈ లేఖ రాస్తున్నాను. లారీ మీద బిగించిన రిగ్గులో గానీ, మాస్టులో గానీ, హైడ్రాలిక్ పంపుల్లో గానీ లోపం ఉందని నేను చెప్పడం లేదు. అవి బాగానే పనిచేస్తున్నాయి. కంప్రెసర్ కూడా దాని పేరు పలకపై రాసి ఉన్నంత గాలిని, అంతే ఒత్తిడితో ఇస్తోంది. నా ఫిర్యాదు అంతా ఈ పనికి ఈ పరికరాలను ఎంచి ఇచ్చిన తీరు మీదనే. ఆ ఎంపిక చేసింది మీ సంస్థ ఇంజనీరు గనుక బాధ్యత కూడా మీ సంస్థదేనని మనవి చేస్తున్నాను.

కొనుగోలుకు ముందు మీకు పంపిన విచారణ పత్రంలో మా అవసరాన్ని స్పష్టంగా రాశాను. పైన మొరం, దాని కింద పగుళ్లున్న రాయి, ఆ కింద గట్టి గ్రానైటు, నైస్ అనే చారల రాయి ఉండే నేలలో, 6.5 అంగుళాల వ్యాసంతో, 400 నుంచి 700 అడుగుల లోతు వరకు నీటి బోర్లు వేయాలని అందులో ఉంది. దానికి జవాబుగా మీరు పంపిన కొటేషన్‌లో, నిమిషానికి 450 ఘనపుటడుగుల గాలిని 175 పీఎస్‌ఐ (చదరపు అంగుళానికి పౌండ్లు) ఒత్తిడితో ఇచ్చే కంప్రెసర్, ఆ గాలి బలంతో బిట్టును రాతి మీద కొట్టే 5 అంగుళాల హామర్, మూడున్నర అంగుళాల రాడ్లు, ముఖాన గట్టి లోహపు బటన్లున్న 6.5 అంగుళాల బటన్ బిట్లు రాసి, ఈ మొత్తం నీటి బోర్లకు అనువైనదని మీ ముద్రతో ధ్రువీకరించారు. నేను ఏ మోడల్ పేరూ చెప్పి అడగలేదు. నేల ఎలాంటిదో, లోతెంతో చెప్పి, తగిన యంత్రం ఏదో మీరే నిర్ణయించమని అడిగాను.

బండి పనిలోకి దిగినప్పటి నుంచి జరుగుతున్నది ఇది. నీరు తగలని బోరులో యంత్రం నెమ్మదిగానైనా, మధ్యమధ్య ఆపి పొడి ఊదుకుంటూ, లోతుకు వెళ్తుంది. ఒక గ్యాప్, అంటే నీరున్న రాతి పగులు, తగిలి రెండు ఇంచుల నీళ్లు పడితే మాత్రం, ఇంకో వంద అడుగులు దిగేసరికి హామర్ దెబ్బ మెత్తబడుతుంది, పొడి పైకి రావడం తగ్గుతుంది, రాడ్డు కలిపి మళ్లీ గాలి వదిలితే చాలాసేపటి వరకు లోపలి నీరు కదలదు. నీళ్లు లేని బోరును ఎలాగో తవ్వగలుగుతున్న యంత్రం నీళ్లున్న బోరును తవ్వలేకపోతోంది. నీటి బోర్ల కోసం అమ్మిన బండికి ఇంతకు మించిన అనర్హత మరొకటి ఉంటుందని నేను అనుకోను.

దీనికి కారణం మీ ఇంజనీర్లకు తెలియనిది కాదు. నిలిచి ఉన్న నీరు ప్రతి అడుగు లోతుకు 0.433 పీఎస్‌ఐ చొప్పున ఒత్తిడి కలిగిస్తుంది. మా ప్రాంతంలో నీళ్లు బాగా పడిన బోరులో, పని ఆపితే నీటిమట్టం 60 అడుగుల దాకా లేచి వచ్చిన సందర్భాలున్నాయి. అప్పుడు బిట్టు 420 అడుగుల లోతులో ఉంటే దాని మీద 360 అడుగుల నీరు నిలుస్తుంది. ఆ నీటి ఒత్తిడి సుమారు 156 పీఎస్‌ఐ. మీ కంప్రెసర్ ఇచ్చే 175లో మిగిలేది 19 మాత్రమే. 470 అడుగుల దగ్గర ఆ నీటి ఒత్తిడి 177 దాటుతుంది, అంటే హామర్ నుంచి గాలి బయటికి రానే రాదు. రాడ్లు పైకి లాగి, నీటిని దఫదఫాలుగా ఊదేస్తూ మళ్లీ దిగడం ఒక్కటే మార్గం. ఆ పద్ధతి మాకు తెలుసు, చేస్తూనే ఉన్నాం. కానీ ప్రతి రాడ్డుకూ అలా చేయవలసి వస్తే అడుగుకు ఇంత అని మాట్లాడుకున్న కూలీ డీజిలుకే చాలదు. పైగా ఊది ఖాళీ చేసిన బోరులోకి పగుళ్ల నుంచి నీరు మళ్లీ ఊరుతూనే ఉంటుంది గనుక హామర్‌కు పూర్తి ఒత్తిడి ఎన్నడూ అందదు. ఒత్తిడి తగ్గితే దెబ్బ బలం తగ్గుతుంది, దెబ్బ బలం తగ్గితే మా గ్రానైటు పగలదు.

గాలి పరిమాణం విషయం ఇంకా స్పష్టమైనది. పిండి అయిన రాయిని పైకి తెచ్చేది రాడ్డుకూ బోరు గోడకూ మధ్యనున్న ఖాళీలో పైకి ఎగసే గాలి వేగమే. ఆ వేగం నిమిషానికి కనీసం 3,000 అడుగులు ఉండాలని, 5,000 అడుగుల దాకా ఉంటే మంచిదని డ్రిల్లింగ్ రంగంలో అందరూ పాటించే లెక్క. 6.5 అంగుళాల బోరులో మూడున్నర అంగుళాల రాడ్డు ఉంటే మధ్య ఖాళీ సుమారు 23.6 చదరపు అంగుళాలు. అందులోంచి నిమిషానికి 450 ఘనపుటడుగుల గాలి పోతే వేగం సుమారు 2,750 అడుగులు. అంటే కంప్రెసర్ కొత్తగా ఉండి, గొట్టాల్లో ఎక్కడా గాలి కారకుండా ఉన్న రోజున కూడా ఇది కనీస వేగాన్ని అందుకోదు. అదే 450 ఘనపుటడుగుల గాలిని క్వారీల్లో పేలుడు మందు నింపడానికి వేసే నాలుగున్నర అంగుళాల రంధ్రంలో, 3 అంగుళాల రాడ్డుతో వాడితే వేగం 7,300 అడుగులు దాటుతుంది. అక్కడ లోతు కూడా పదుల అడుగుల్లోనే ఉంటుంది, నీటి బెడద తక్కువ. మీరు మాకిచ్చిన కంప్రెసర్ ఆ పనికి చక్కగా సరిపోతుంది. దానికే పెద్ద హామర్, పెద్ద బిట్టు తగిలించి నీటి బోరు బండి అని అమ్మారన్నది నా ఆరోపణ. పై లెక్కలో ఎక్కడైనా తప్పుంటే చూపించవలసిందిగా మీ సాంకేతిక విభాగాన్ని కోరుతున్నాను.

వేగం చాలక పైకి రాని ముతక పొడి ఎక్కడికీ పోదు. గాలి ఆపగానే అది కిందికి జారి హామర్ భుజాల మీద పేరుకుని బిగుసుకుంటుంది. అలా ఒక రైతు పొలంలో, నీళ్లు పడిన తర్వాత ఇంకొంచెం లోతుకు వెళ్తే మోటారుకు సరిపడా దొరుకుతాయన్న ఆశతో తవ్వుతుండగా, హామరూ బిట్టూ లోపలే బిగుసుకుపోయాయి. ఎంత ప్రయత్నించినా హామర్ బయటికి రాలేదు. రాడ్లు మాత్రం విప్పి తీసుకోగలిగాం. హామర్ పోవడం మా నష్టం. ఆ రైతు నష్టం అంతకంటే పెద్దది. బత్తాయి తోటను ఎండనివ్వకూడదని అప్పు తెచ్చి బోరు వేయించుకున్న మనిషికి, నీళ్లు తగిలిన బోరే పనికిరాకుండా పోయింది. ఆయన భూగర్భ జలాల వాడకాన్ని నియంత్రించే వాల్టా చట్టం కింద అనుమతి దగ్గర నుంచి మళ్లీ మొదలుపెట్టవలసి వచ్చింది. ఆయన దగ్గర మేము అడుగు కూలీ తీసుకోలేదు, తీసుకునే ధైర్యమూ లేదు. మా ప్రాంతంలో బోరు విఫలం కావడమంటే ఒక కుటుంబం ఆ ఏడు ఎలా గడుపుతుందన్న ప్రశ్న. యంత్రాన్ని ఎంచి ఇచ్చేవారికి ఈ సంగతి గుర్తుండాలని బలంగా కోరుకుంటున్నాను.

బిట్ల గురించి క్లుప్తంగా చెబుతాను. మీరు పంపినవాటికి మొన దేరిన బటన్లు ఉన్నాయి. అవి మెత్తని, మధ్యస్థమైన రాయిలో త్వరగా దిగుతాయి. క్వార్ట్జు ఎక్కువగా ఉండి, అరగదీసే గుణమున్న మా గట్టి గ్రానైటుకు గుండ్రని తల ఉన్న బటన్లు కావాలి. మీరిచ్చిన బిట్లలో అంచు వరుస బటన్లు అరిగి సానబెట్టించుకునే దశకు రాకముందే విరిగాయి. అంచు బటన్లు పోతే రంధ్రం సన్నబడుతుంది, తర్వాత దించే కొత్త బిట్టు అందులో పట్టదు. విరిగిన బిట్లను భద్రపరిచాను, మీ మనిషి వస్తే చూపిస్తాను.

ఫోనులోనూ, ఆ తర్వాత వచ్చిన మీ సర్వీసు టెక్నీషియన్ ద్వారానూ మాకు అందిన జవాబు ఏమిటంటే, ఆపరేటరుకు నడపడం రాదని, రాడ్డు మీద బరువు పెంచమని, నురుగు ద్రావణం వాడమని. మా తమ్ముడు ఈ బండి కొనకముందు ఇతరుల బోరు బండ్ల మీద ఏళ్ల తరబడి ఆపరేటరుగా చేసినవాడు. హామర్‌తో కొట్టే డ్రిల్లింగులో రాయిని పగలగొట్టేది దెబ్బే గానీ బరువు కాదు. అవసరానికి మించి బరువు మోపితే రాడ్లు వంగుతాయి, బటన్లు పగులుతాయి, రొటేషన్ పట్టేస్తుంది. నురుగు మాట కొంతవరకు నిజమే. అది తక్కువ వేగంలోనూ పొడిని పైకి తేవడానికి సాయపడుతుంది, మేమూ వాడాం. అయితే 700 అడుగుల దాకా పోవలసిన ప్రతి బోరులోనూ, ధారాళంగా నీరు ఊరుతున్నప్పుడు, 175 పీఎస్‌ఐ కంప్రెసర్‌ను నురుగుతో నెట్టుకురమ్మనడం సలహా అనిపించుకోదు. టెక్నీషియన్ తన నివేదికలో బోరు లోతును, నీరు పడిన లోతును, గేజి చూపిన ఒత్తిడిని రాయనే లేదు. ఆ మూడూ లేని నివేదికతో ఆపరేటరు మీద నింద ఎలా వేశారో నాకు అర్థం కాలేదు.

మీ కరపత్రంలో ఇదే బండిని అన్ని నేలలకూ అనువైనదిగా ముద్రించారు. ఆ మాట ఇంకెవరినీ నష్టపరచకూడదనే ఈ పేరా రాస్తున్నాను. కృష్ణా, గోదావరి డెల్టాల ఇసుక, బంకమట్టి పొరల్లో హామర్‌కు పనే ఉండదు. అక్కడ బెంటొనైటు అనే బంకమన్ను కలిపిన బురద తిప్పుతూ రోటరీ పద్ధతిలో తవ్వాలి, లేకపోతే గోడలు కూలిపోతాయి. కడప ప్రాంతపు సున్నపురాయిలో బొరియలు తగిలితే గాలి పక్కకు పోయి పొడి పైకి రాదు, అక్కడి జాగ్రత్తలు వేరు. మంచిర్యాల, పెద్దపల్లి వైపు గోదావరి లోయ ఇసుకరాయిలో, గోడ కూలకుండా దించే కేసింగ్ గొట్టం ఎంత లోతుకు పోవాలన్న లెక్క మా గ్రానైటు నేలలో వేసే లెక్కతో పొసగదు. మా గ్రానైటు నేలలోనే మొరం ఒక పొలంలో 20 అడుగులుంటే పక్క పొలంలో 80 ఉంటుంది. కొనేవాడిని రాయి ఏమిటి, రంధ్రం ఎంత, లోతు ఎంత, నీరు ఏ లోతులో పడుతుంది, ఎంత పైకి లేస్తుంది అని అడగకుండా ఏ ఇంజనీరూ కంప్రెసర్ నిర్ణయించలేడు. ఈ వివరాల్లో మొదటి మూడూ మీరు అడగకుండానే ఇచ్చాను. మిగతా రెండూ మీరు అడిగితే ఇచ్చేవాడిని.

ఇక నా కోరికలు. ఇప్పుడున్న కంప్రెసర్‌ను వెనక్కి తీసుకుని, 300 నుంచి 350 పీఎస్‌ఐ ఒత్తిడితో నిమిషానికి 1,000 ఘనపుటడుగులకు తగ్గకుండా గాలి ఇచ్చే కంప్రెసర్‌ను, ఆ ఒత్తిడికి తగిన హామర్‌ను, నాలుగున్నర అంగుళాల రాడ్లను, గుండ్రని బటన్ల బిట్లను ఇవ్వాలి. పాత కంప్రెసర్‌కు నేను కట్టిన పూర్తి ధరను కొత్తదాని ధరలో మినహాయించాలి. వాడిన యంత్రం అని తరుగు కోయడానికి నేను ఒప్పుకోను, ఎందుకంటే తగనిదాన్ని నా చేత వాడించింది మీరే. కొత్త కంప్రెసర్ బరువును, ఇంజను అవసరాలను మా లారీ మోయగలదో లేదో మీరు ముందే పరిశీలించి రాసి ఇవ్వాలి. బోరులో పోయిన హామర్, బిట్టు ధరను చెల్లించాలి. ఆ రైతుకు కొత్త బోరు మేము ఉచితంగా వేస్తామని మాటిచ్చాం, దానికయ్యే డీజిలు, కేసింగ్ ఖర్చును మీరు భరించాలి.

కొనేవాడు తన అవసరాన్ని తెలిపి, అమ్మేవాడి నైపుణ్యం మీద ఆధారపడి సరుకు కొన్నప్పుడు, ఆ సరుకు ఆ అవసరానికి తగినదిగా ఉండాలన్న షరతు 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 16వ సెక్షన్‌లో ఉంది. నా విచారణ పత్రం, మీ కొటేషన్, ఈ రెండూ చాలు ఆ షరతు ఇక్కడ వర్తిస్తుందని చూపడానికి. బండిని మేమే నడుపుకుంటూ, స్వయం ఉపాధిగా, బతుకుతెరువు కోసమే వాడుకుంటున్నాం గనుక 2019 వినియోగదారుల పరిరక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌ను ఆశ్రయించే హక్కు కూడా మాకు ఉందని తెలియజేస్తున్నాను. అయితే నాకు ముందుగా కావలసింది కేసు కాదు, పనిచేసే బండి. బ్యాంకు వాయిదాలు ఆగవు, ఎండాకాలం దగ్గరపడితే మా ఊళ్లలో బోర్ల కోసం రైతులు ఎదురుచూస్తారు.

ఈ లేఖ అందిన 15 రోజుల్లోగా రాతపూర్వకంగా జవాబివ్వవలసిందిగా కోరుతున్నాను. ఈలోగా, నా లెక్కలను నమ్మలేకపోతే, మీ సీనియర్ ఇంజనీరును ఒత్తిడి గేజితో సహా మా పని జరిగే చోటికి పంపండి. నీళ్లు పడిన ఒక బోరులో 450 అడుగుల దగ్గర రాడ్లు ఆపి, నీరు లేచేవరకు ఉండి, తర్వాత ఆయన చేతులతోనే గాలి వదిలి చూడమని కోరుతున్నాను. విచారణ పత్రం, కొటేషన్, బిల్లు, టెక్నీషియన్ నివేదిక, విరిగిన బిట్ల ఫొటోలు, మేము రాసుకున్న రోజువారీ డ్రిల్లింగ్ పుస్తకం నకళ్లు ఈ లేఖకు జతపరిచాను.

భవదీయుడు,
బోరు బండి యజమాని,
నల్గొండ జిల్లా.