23న లాల్‌బాగ్ ప్రయాణం – పేర్లు ఇవ్వండి

అందరికీ నమస్కారమండీ,

బెంగళూరు లాల్‌బాగ్‌లో గణతంత్ర దినోత్సవ పూల ప్రదర్శన చూసొద్దాం అనుకున్నాం కదా, బస్సు మాట్లాడేశాం. ఈ నెల 23, శుక్రవారం రాత్రి 9 గంటలకు నెల్లూరు మద్రాసు బస్టాండు దగ్గర ఎక్కాలి. ఆదివారం తెల్లారేసరికి ఇంట్లో ఉంటాం.

ఎందుకు అంత దూరం అని ఇద్దరు ముగ్గురు అడిగారు. 1760లో హైదర్ అలీ మొదలుపెట్టిన తోట అది. టిప్పు సుల్తాన్ విదేశాల నుంచి మొక్కలు తెప్పించి పెంచాడు. ఇప్పుడు 240 ఎకరాలు. ప్రదర్శన జరిగే గాజు ఇంటికి 1889లో శంకుస్థాపన చేశారు, లండన్ క్రిస్టల్ ప్యాలెస్ దానికి నమూనా. నాకైతే పూలకంటే అక్కడి రాతిబండే ఇష్టం. దాని వయసు సుమారు 300 కోట్ల ఏళ్లు! పైన బెంగళూరును స్థాపించిన కెంపేగౌడ పేరిట బురుజు ఉంది. పెద్దవాళ్లు మెల్లగా ఎక్కొచ్చు, తొందరేం లేదు. చెరువు పక్కన పాత బూరుగు చెట్టును మాత్రం తప్పక చూడండి, దాని వేళ్ల దగ్గర మనిషి చిన్న పిల్లాడిలా కనిపిస్తాడు.

తలకి 1,600 రూపాయలు. 18వ తేదీ లోపు పేరు, వయసు ఇక్కడే పెట్టండి.

స్టీలు బాటిల్, టోపీ, స్వెట్టర్ తెచ్చుకోండి. ప్లాస్టిక్ కవర్లు వద్దు. బీపీ, షుగర్ మాత్రలు చేతి సంచిలోనే పెట్టుకోండి.

మన కాలనీ పార్కులో ఏ చెట్లు నాటాలో అక్కడ చూసి రాసుకుందాం, ఒక నోటుబుక్కు కూడా తేండి.

గుర్తుంచుకోండి: బస్సు సరిగ్గా 9కి కదులుతుంది.