మురీ మిక్చర్ బండి అన్నయ్యకు

మొన్న ఆదివారం ఆర్కే బీచ్‌లో, కురుసుర సబ్‌మెరైన్‌ దగ్గర టీవీ వంటల షో షూటింగ్ జరిగింది. మా అమ్మ ఆ చెఫ్‌కి వీరాభిమాని. ముందురోజు రాత్రే వంజరం పులుసు పెట్టి (చేపల పులుసు మర్నాటికే రుచి అని ఆవిడ పట్టు) స్టీలు క్యారేజీలో తెచ్చింది. తోపులాటలో కళ్లు తిరిగి కూలబడింది. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు.

అన్నయ్యా, మీరు బేరం వదిలేసి స్టూలు తెచ్చి వేశారు. మిక్చర్‌లో పిండే నిమ్మకాయనే నీళ్లలో పిండి, ఉప్పేసి తాగించారు. పొట్లాల కాగితంతో విసిరారు. తర్వాత షూటింగ్ కుర్రాడిని బతిమాలి అమ్మను ముందుకు పంపిందీ మీరే. చెఫ్ గారు పులుసు రుచి చూసి, "చింతపండు ఎంత వేశారమ్మా?" అని అడిగారు. అమ్మ వీధంతా అదే చెబుతోంది!

డబ్బులిస్తే తీసుకోలేదు. హడావుడిలో పేరైనా అడగలేదు, క్షమించండి. క్యారేజీ మూత మీ బండి మీదే ఉండిపోయింది. ఆదివారం వస్తాం, పులుసుతో.