నోట్ల సేకర్తల సంఘం వార్షిక నివేదిక: అమెరికా నేషనల్ బ్యాంకు నోట్లు

సభ్యులకు నమస్కారం.

ఈ ఏడాది సమావేశాలు చాలావరకు 1929 సిరీస్ మీదే నడిచాయి. 1863 నుంచి 1935 వరకు అమెరికాలో ఊరూరి బ్యాంకులు తమ పేరుతో ఇచ్చిన నోట్లలో తేలిగ్గా దొరికేవి ఇవే. బ్యాంకు అమెరికా ట్రెజరీలో, అంటే ఆర్థిక శాఖలో, ప్రభుత్వ బాండ్లు పూచీ పెడితేనే నోట్లు వచ్చేవి. 1935లో ప్రభుత్వం ఆ బాండ్ల సొమ్ము చెల్లించేసరికి నోట్లూ ఆగిపోయాయి.

గోధుమరంగు సీల్ కనబడగానే తొందరపడొద్దు. 1929 ఫెడరల్ రిజర్వ్ బ్యాంకు నోట్లకూ (కేంద్ర బ్యాంకు వ్యవస్థలోని ప్రాంతీయ బ్యాంకులు ఇచ్చినవి) అదే రంగు. వాటి మీద ఫెడరల్ రిజర్వ్ జిల్లాను సూచించే నల్లటి పెద్ద అక్షరం ఉంటుంది, చార్టర్ నంబరు (ప్రభుత్వం ఒక్కో నేషనల్ బ్యాంకుకు ఇచ్చిన సంఖ్య) ఉండదు. మనకు కావలసిన నోటు మీద చార్టర్ నంబరు నల్లగా రెండు చోట్ల ఉంటే టైప్ 1. సీరియల్ పక్కన గోధుమరంగులో మరో రెండుసార్లు కనిపిస్తే టైప్ 2. టైప్ 1 షీటులోని ఆరు నోట్లకూ సీరియల్ ఒకటే, ముందు అక్షరం మాత్రం ఏ నుంచి ఎఫ్ దాకా మారుతుంది.

ధర దగ్గర ముఖవిలువను పక్కన పెట్టండి. ముందు చూడాల్సింది ఆ చార్టర్ నోట్లు ఎన్ని మిగిలాయన్నది. పెద్ద నగరపు బ్యాంకు నోటుకు ధరను గ్రేడే (నోటు ఎంత బాగుందన్న అంచనా) నిర్ణయిస్తుంది. మారుమూల ఊరి నోటైతే అంచు చిరిగినా కొనేవారుంటారు. అయితే "రెండే ఉన్నాయి" అన్న మాటను పూర్తిగా నమ్మొద్దు. బ్యాంకరు కుటుంబం దాచిన కత్తిరించని షీటు ఒక్కటి బయటపడితే ఆ లెక్క ఎనిమిదవుతుంది, ధర కూలుతుంది.

కడిగిన, ఇస్త్రీ చేసిన నోట్లే ఈసారీ పెద్ద తలనొప్పి. ఇస్త్రీ చేస్తే సీరియల్ అంకెలు కాగితంలో దిగిన ఒత్తుడు చదునైపోతుంది. నోటును ఏటవాలు వెలుతురులో పట్టుకుంటే తెలిసిపోతుంది. సూది రంధ్రాలకు మాత్రం వెలుతురు నోటు వెనకనుంచి రావాలి. 1929కి ముందటి పెద్ద సైజు నోట్ల మీద క్యాషియర్ పెన్నుతో పెట్టిన సంతకం వెలిసిపోతే కొందరు మళ్ళీ దిద్దుతారు. సిరా మరీ నల్లగా ఉంటే భూతద్దం తీయండి.

పీవీసీ కవర్లు వద్దు, అవి జిగురెక్కి నోటుకు అంటుకుంటాయి. మైలార్ (పాలిస్టర్ ఫిల్మ్) కవర్లే వాడండి. వచ్చే ఏడాది పెద్ద సైజు నోట్లు చూస్తాం. అవి సుమారు 189 x 79 మిల్లీమీటర్లు. 1929 నోట్ల కవర్లలో పట్టవు కాబట్టి తగిన సైజువి ముందే తెచ్చుకోండి, మడిచి మాత్రం తేవద్దు.